రెండు తాళాల తూము

పులిహోరకి నానేసిన చింతపండు గిన్నెని మా అత్తగారు సీతారత్నంగారు గచ్చు మీద ఠప్పున పెట్టేరు. సగం పులుసు నా చీర మీదికి చిందింది.

“అయితే పాలెం వాళ్ళని ఫోన్లో పిలిచేవన్నమాట.”

“ఉత్త ఫోన్లో కాదండి అత్తయ్యగారూ, వాట్సాప్‌లో కార్డు పంపేను. రంగుల్లో చేయించేను. రెండు చేతులు కలుపుకున్న బొమ్మ కూడా పెట్టించేను.”

“బొమ్మకి చేతులున్నాయి సరే. నీ చేతులకేమొచ్చింది? గడప దాటి వెళ్ళి, బొట్టు పెట్టి, అమ్మా రండి అని పిలవడానికి తీరిక లేకపోయిందా?”

తెల్లారి ఆరింటికే కాలవ అవతలి పాలెం నుంచి కబురొచ్చేసింది. పిలవని పేరంటానికి రామన్నారు. గంగబాబు రాడు, వాళ్ళమ్మ భూలక్ష్మిగారు రారు, వాళ్ళ వీధి కుక్క కూడా రాదు.

రేపే సభ! ఆదివారం పదింటికి, తూము పక్కనున్న తుపాను షెల్టర్లో. తొమ్మిది ఊళ్ళ నుంచి నలభై మంది వస్తున్నారు. అంతా ఊళ్ళలో తగువులు తీర్చి రాజీలు కుదిర్చే పనిలో ఉన్నవాళ్ళే. కుదిర్చిన రాజీ నిజంగా నిలిచిందా, పైకి మాత్రమే నిలిచినట్టుందా, దేన్ని చూసి బేరీజు వెయ్యాలి అన్నది రేపంతా కలిసి కూర్చుని నేర్చుకోవాలి. కాకినాడ నుంచి స్టెల్లాగారొచ్చి నడిపిస్తారు. మొదటి గంట మాది. మా రెండు తాళాల తూము కథ.

మావి వరి చేలు. పాలెం వాళ్ళవి రొయ్యల చెరువులు. మధ్యలో ఒక్కటే కాలవ, దానికొక్కటే తూము. సముద్రం పొంగే పోటు వేళ తెరిస్తే వాళ్ళ చెరువులకి ఉప్పునీళ్ళు, మా చేలకి చేటు. నీళ్ళు వెనక్కి తీసే పాటు వేళ తెరిస్తేనే మా చేలల్లో మురుగు దిగేది. రెండేళ్ళ కిందట ఆ తూము మీదే మా ఆయన దుర్గేష్ కర్ర ఎత్తేరు. గంగబాబు నుదుటికి ఏడు కుట్లు పడ్డాయి.

ఆ తరవాత ఆర్నెల్లు ఇటూ అటూ తిరిగితే కుదిరింది రాజీ. తూము చక్రానికి గొలుసు, గొలుసుకి రెండు తాళాలు. ఎర్రదారం కట్టిన తాళంచెవి మా మావయ్యగారు బంగారరాజుగారి దగ్గర. నీలందారం కట్టింది గంగబాబు దగ్గర. ఇద్దరూ కలిసొస్తేనే తూము తెరుచుకుంటుంది. పోటు వేళ ఎంతసేపు, పాటు వేళ ఎంతసేపు అన్నది ముందే రాసుకున్నారు. వచ్చినప్పుడల్లా ఇద్దరూ రిజిస్టర్లో సంతకాలు పెట్టాలి.

ఆ కమిటీకి కార్యదర్శిని నేను. అమలాపురం కాలేజీలో గుమాస్తా ఉద్యోగం చేసుకుంటూ, వచ్చే బస్సులోనూ పోయే బస్సులోనూ కూర్చుని స్టెల్లాగారికి పంపే రిపోర్టు రాసేను. ‘తూము మూడువందల పన్నెండుసార్లు తెరిచారు. ప్రతిసారీ తాళంచెవులున్న ఇద్దరూ కలిసి వచ్చారు.’ అది చదివి స్టెల్లాగారు ఫోన్లో కేకే పెట్టేరు. “తులసీ, తొమ్మిది ఊళ్ళవాళ్ళూ ఇదే పద్ధతి పెట్టుకుందామంటున్నారమ్మా!” అన్నారు. ఆ పూట అన్నం తినడం కూడా మర్చిపోయేను. రిపోర్టు ఫారంలో ఇంకా బోలెడు గళ్ళున్నాయి. ‘స్త్రీల పాత్ర’ అని ఒకటుంటే అందులో ‘లేదు’ అని రాసి పేజీ తిప్పేసేను.

ఇప్పుడు పాలెం వాళ్ళు రాకపోతే ఇంకేం సభ? ఒక చేత్తో చప్పట్లు కొట్టుకోవాలి.

“కుంకం భరిణె తియ్యి. నేనూ వస్తాను,” అన్నారు మా అత్తగారు.

నేను నోరు తెరిచేను. రాజీ మాట ఎత్తితే చాలు, “నాకెందుకమ్మా, నా పారాయణ నాది” అని లేచిపోయే మనిషి ఈవిడ. కొడుకు చేతిలో దెబ్బలు తిన్నవాడి ఇంటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్తానని, పాలెం వైపే చూడరనుకున్నాను.

“మీరా అత్తయ్యగారూ?”

“నేనే. నీకు పిలవడం రాదు కదా.”

* * *

కాలవ గట్టు వెంట నడిచేం. రోడ్డు మీదుగా వెళ్దామంటే వినరే! కొబ్బరితోటలోంచి అడ్డంగా, ఎవరిదో వలల పాక వెనకనుంచి, చకచకా తీసుకుపోయేరు. నా వయసులో సగం పుచ్చుకున్నట్టు నడుస్తున్నారు. నేను వెనకాల పరుగు.

వీధి మొదట్లో ఎర్రకుక్క లేచి నా మీదికి మొరిగింది. మా అత్తగారిని చూసి తోకూపింది. నా కంగారులో నేను పట్టించుకోలేదు.

భూలక్ష్మిగారు అరుగు మీద ఎండు చేపలు తిరగేస్తున్నారు. లేవలేదు.

“ఎవరో పెద్దింటి వాళ్ళు దారి తప్పినట్టున్నారు,” అన్నారు.

“దారి తప్పలేదండి పిన్నిగారూ, బుద్ధి తప్పింది. క్షమించండి,” అన్నాను. నాకు కళ్ళమ్మట నీళ్ళొకటే తక్కువ.

“ఆయ్. కార్డు చూసేను. మా మనవరాలు చూపించింది. అందులో చేతులు చాలా తెల్లగా ఉన్నాయి. ఎండలో పని చేసిన చేతుల్లా లేవు.”

మా అత్తగారు మధ్యలో దూరలేదు. భరిణె నా చేతిలో పెట్టి, చూపుతోనే ‘ఊఁ’ అన్నారు. నేను వంగి బొట్టు పెట్టేను. “రేపు పదింటికి మా సభకి మీరూ, చేపల వేట నుంచి వచ్చేస్తే బాబయ్యగారూ, గంగబాబుగారూ, ఇంటిల్లిపాదీ రావాలండి. మీరు రాకపోతే అది సభే కాదండి.”

భూలక్ష్మిగారు చేతులు దులుపుకుని లేచేరు.

“పిలిస్తే ఎందుకు రాంవమ్మా? ఇన్నాళ్ళకి పిలిచేరు. కూర్చోండి, కాఫీ పెడతాను.”

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అయిపోయింది, గండం గడిచింది! లోపలికి వెళ్ళి బల్ల మీద కూర్చున్నాం. కాఫీలొచ్చేయి. నాకు తియ్యగా, మా అత్తగారికి పంచదార లేకుండా. నేను గ్లాసు ఎత్తి గోడ వైపు చూసేను.

క్యాలెండరు కింద ఒక మేకుంది. మేకుకి నీలందారం కట్టిన తాళంచెవి వేలాడుతోంది. దాని పక్కనే, దాన్ని ఆనుకుని, ఎర్రదారం కట్టిన తాళంచెవి.

గ్లాసు కింద పెట్టేసేను.

ఆ ఎర్రదారం నేను కట్టిందే. మూడు ముళ్ళు వేసి, చివర కొబ్బరినారతో బిగించేను. రాజీ కుదిరిన రోజున అందరి ముందూ మా మావయ్యగారి చేతిలో పెట్టేను.

“పిన్నిగారూ, ఆ తాళంచెవి...”

“కాఫీ చల్లారిపోతోంది,” అన్నారు భూలక్ష్మిగారు.

“నువ్వింక ఇంటికెళ్ళమ్మాయ్,” అన్నారు మా అత్తగారు అదే క్షణంలో. “వంటవాళ్ళొచ్చే వేళయింది. నేను తరవాత వస్తాను. పదింపావుకి నాకు పారాయణ ఉంది.”

“ఈ ఊళ్ళోనా?”

“ఎక్కడైతే నీకేం? వెళ్ళు.”

* * *

ఇంటికెలా వచ్చేనో నాకే తెలీదు. మావయ్యగారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. మోకాలికి నూనె రాసుకుంటున్నారు.

“మావయ్యగారూ, మీ తూము తాళంచెవి ఏదండి?”

“ఉంది.”

“ఒకసారి ఇస్తారా? రేపు సభలో అందరికీ చూపించాలి.”

“రేపు కదా. రేపు చూద్దాం.”

“ఇప్పుడే కావాలండి.”

ఆయన నూనె సీసా మూత తిప్పడం మొదలెట్టేరు. అది బిగిసిపోయేక కూడా తిప్పుతూనే ఉన్నారు. నా వైపు చూడలేదు. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో పేరుంది. మామగారు కదా అని మింగేను.

“నేను రెండూ ఒకే మేకుకి చూసేనండి. పాలెంలో.”

ఆయన చెయ్యి ఆగింది. “మీ ఆయనకి చెప్పేవా?”

“లేదండి.”

“చెప్పకు.”

అంతే. నేనక్కడే నిలబడ్డాను. పదకొండు గంటల సైరను కూసింది, ఆయన కళ్ళు మూసుకున్నారు, నేను నిలబడే ఉన్నాను.

అప్పుడే ట్రాక్టరు మీద కుర్చీలేసుకుని మా ఆయనొచ్చేరు. ఒంటి మీద చొక్కా తడిసి ముద్దయిపోయింది, ముఖం మాత్రం పండగ్గా వెలిగిపోతోంది. రెండేళ్ళలో ఈయన ఇంత హుషారుగా ఉండడం నేను చూళ్ళేదు.

“తులసీ! అరవై కుర్చీలు తెచ్చేను. మైకు వాడు కూడా వచ్చేసేడు. నాకెన్ని నిమిషాలిస్తారు? పదైనా ఇప్పించు. ‘కర్ర కింద పడేసిన రోజు’ అని మొదలెడదామనుకుంటున్నాను, బాగుంటుందా?”

“బాగుంటుందండి.”

“గంగబాబు పక్కనే కూర్చుంటాను. చెప్తాను వాడికి, అదే, ఆయనకి. అందరి ముందూ చెప్తాను, తప్పు నాదేనని.” కొంచెం గొంతు తగ్గించేరు. “నీకో మాట చెప్పనా? ఆ ఎర్రదారం తాళంచెవి నాన్నగారి దగ్గరుంది కాబట్టి నేను రాత్రిళ్ళు నిద్దరోతున్నాను. పోటు వేళ ఎవడో తూము ఎత్తేస్తాడేమోనని కర్ర పక్కలో పెట్టుకుని పడుకున్న రోజులు నాకింకా గుర్తే. ఆ తాళం లేకపోతే నేను మళ్ళీ ఆ పాత దుర్గేష్‌నే.”

కుర్చీలు దింపడానికి వెళ్ళిపోయేరు.

మధ్యాహ్నం మా అత్తగారు చీరకుచ్చెళ్ళ నిండా బురదతో తిరిగొచ్చేరు. పెరట్లో కాళ్ళు కడుక్కుంటుంటే పట్టుకున్నాను.

“మీకు తెలుసా అత్తయ్యగారూ? మావయ్యగారు తాళంచెవి వాళ్ళకిచ్చేసేరని మీకు ముందే తెలుసా?”

“తెలుసు.”

“ఎంత కాలమైంది?”

“కార్తీకం నుంచి.”

“నాలుగు నెలలా! రైతుల తాళం తీసికెళ్ళి చెరువుల వాళ్ళింట్లో పెట్టి, నాచేత ఇద్దరూ వస్తున్నారని రిపోర్టు రాయించేరా? తొమ్మిది ఊళ్ళవాళ్ళు దాన్ని చూసి తాళాలు కొనుక్కుంటామంటున్నారండీ! రేపు వాళ్ళ ఊళ్ళో కొట్టుకుంటే ఆ పాపం ఎవరిది?”

“ఈ నాలుగు నెలల్లో మన చేల మీదికి ఉప్పునీళ్ళొచ్చేయా?”

“రాలేదు.”

“మరింకేం?”

“అది కాదండి ప్రశ్న!”

“అయితే నీ ప్రశ్న నాకర్థం కాలేదులే. రేపు నోరు మూసుకో. వాడు బాగుపడ్డాడు, పాడుచెయ్యకు.”

తువ్వాలు భుజాన వేసుకుని లోపలికెళ్ళిపోయేరు. గుమ్మం దగ్గర ఆగి, “రేపు నాకు పదకొండింటికి పారాయణ,” అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. సభ రోజు కూడా పారాయణా!

స్టెల్లాగారికి ఫోన్ చేసేను. ఎవరి పేరూ చెప్పకుండా, “రిపోర్టులో ఒక తప్పు దొర్లిందండి, చెప్తే ఒక ఇల్లు కూలిపోవచ్చు,” అన్నాను.

ఆవిడ వివరాలు అడగలేదు.

“తులసీ, మనం గొప్పలు చెప్పుకోడానికైతే ఏ పెళ్ళి రిసెప్షనుకో వెళ్ళొచ్చు. తప్పులు తెచ్చుకుని ఒకళ్ళకొకళ్ళం చూపించుకుందామనే కదా కూర్చునేది? కానీ నువ్వు చెప్పేది నీ తప్పు అవ్వాలి. పక్కవాళ్ళ తప్పు నువ్వు చెప్పకు. ఆ గీత ఎక్కడుందో నీకే తెలియాలి.”

“నాకు తెలీట్లేదండి.”

“తెలీట్లేదని చెప్పడం కూడా మొదలే,” అన్నారు.

* * *

ఆదివారం తొమ్మిదిన్నరకే షెల్టరు కిక్కిరిసిపోయింది! రామచంద్రపురం వైపు నుంచి ఒక వ్యాను, కొత్తపేట నుంచి రెండు ఆటోలు, రాజోలు వాళ్ళు బస్సు దిగి కొబ్బరిబొండాలు తాగి మరీ వచ్చేరు. పాలెం నుంచి పదిహేను మంది. భూలక్ష్మిగారు గంధం రంగు చీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. ఆవిడ వెనకాల గంగబాబు. రొయ్యల చెరువు గట్టు మీదే మకాం ఆయనది, ఇంటికి పది రోజులకొకసారి వస్తే గొప్ప. నుదుటి మీద మచ్చ దువ్విన జుట్టు కింద కనబడుతోంది. ఆయన పక్క కుర్చీలో మా ఆయన!

ఇద్దరూ ఒకే పకోడీ పొట్లంలోంచి తింటున్నారు. ఆ దృశ్యం చూడ్డానికే కదా నేను రెండేళ్ళు చెప్పులరిగేలా తిరిగేను.

మావయ్యగారు చేతికర్రతో వచ్చి చివర కూర్చున్నారు. మా అత్తగారు వంటల దగ్గర.

“ముందు మీ తూము దగ్గరికే తీసికెళ్ళి చూపిస్తే బాగుంటుంది కదా?” అన్నారు స్టెల్లాగారు. “పాటు ఎన్నింటికి?”

“ఇవాళ పదకొండింటికండి,” అన్నాడు గంగబాబు. “నిన్న పదింపావుకి. రోజుకో ముప్పావుగంట జరుగుతుందండి.”

నేను మైకు పట్టుకుని నిలబడ్డదాన్ని అలాగే ఉండిపోయేను.

నిన్న పదింపావుకి. ఇవాళ పదకొండింటికి. దేవుడా! ఏ దేవుడి పారాయణ రోజుకో ముప్పావుగంట జరుగుతుంది? ఒకరోజు పొద్దున్నే, ఇంకోరోజు మిట్టమధ్యాహ్నం, మరో రోజు దీపాల వేళ. ఎనిమిది నెలలుగా ఈవిడ పుస్తకం సంచీ పట్టుకుని బయల్దేరుతుంటే నేను ఒక్కరోజైనా అడిగిన పాపాన పోలేదు. గుమ్మంలో చెప్పుల మీద బురద. కుక్క తోక. పంచదార లేని కాఫీ!

వంటల వైపు చూసేను. మా అత్తగారు గరిటె పట్టుకుని నా వైపే చూస్తున్నారు. వద్దన్నట్టు తలూపేరు.

అయినా నోరు ఆగలేదు.

“అందరికీ నమస్కారమండి. నా రిపోర్టులో ఒక వాక్యం ఉంది. ప్రతిసారీ తాళంచెవులున్న ఇద్దరూ కలిసొచ్చేరని. ఆ వాక్యం నేను చూసి రాసింది కాదండి. రిజిస్టర్లో సంతకాలు చూసి రాసేను. ఈ ఏడాదిన్నరలో ఒక్కరోజు కూడా, పాటు వేళ, నేను ఆ తూము దగ్గర నిలబడి చూళ్ళేదు. ఎవరొస్తున్నారో నాకు తెలీదు. తెలీకుండానే మీ తొమ్మిది ఊళ్ళకీ పంపించేను. తప్పు నాది.”

నలభై మంది నలభై పెన్నులూ ఆగిపోయేయి.

ముందు లేచింది మా ఆయన. “అదేంటి తులసీ? నాన్నగారు వెళ్తున్నారుగా?”

మావయ్యగారు లేవడానికి రెండుసార్లు ప్రయత్నించి, కర్ర ఊతతో లేచేరు. “నా మోకాళ్ళు ఆషాఢంలోనే పోయేయిరా. గట్టు ఎక్కలేను. కమిటీ ప్రెసిడెంటుని, ఎక్కలేనని ఎలా చెప్పుకోను? తాళం మీ అమ్మచేత పంపించి, పేజీకి ముందే సంతకాలు పెట్టేసి ఇచ్చేవాణ్ణి.” గంగబాబు వైపు తిరిగేరు. “నువ్వొక్కడివే వస్తున్నావని తలుచుకుని రోజూ సిగ్గుపడేవాణ్ణి బాబూ.”

గంగబాబు ముఖం పాలిపోయింది. “నేనా? నేనెక్కడొస్తున్నానండీ? పాటు వేళకీ, రొయ్యకి మేత వేసే వేళకీ పడి చావట్లేదని ఆషాఢం నుంచీ తాళం మా అమ్మకిచ్చేసేను. పేజీలు నేనూ ముందే పెట్టేసేను. మీరు పెద్దవారు, మీరొస్తున్నారు కదా, నేను రావట్లేదని మీకు కోపం రావట్లేదేంటా అనుకునేవాణ్ణి!”

ఎవరో కిసుక్కున నవ్వేరు. తరవాత షెల్టరంతా నవ్వింది. మా ఆయన మాత్రం నవ్వలేదు.

“అయితే తూము ఎవరు తెరుస్తున్నారు?”

వంటల వైపు నుంచి గరిటె పళ్ళెంలో పెట్టిన చప్పుడైంది.

“పదకొండవుతోంది,” అన్నారు మా అత్తగారు చేతులు తుడుచుకుంటూ. “లే వదినా. నీళ్ళు మనకోసం ఆగవు.”

భూలక్ష్మిగారు లేచేరు. ఇద్దరూ జనం మధ్యలోంచి బయటికి నడిచేరు. నలభై మందీ, పాలెం వాళ్ళూ, మా వాళ్ళూ, మైకు వాడితో సహా వాళ్ళ వెనకాల!

* * *

తూము మీద ఇద్దరూ చక్రానికి అటొకరూ ఇటొకరూ నిలబడ్డారు. చక్రం పక్కన ఎవరిదో పాత రోకలి ఆనించి ఉంది.

“మొదట్నుంచీ మాట్లాడుకునేవారా అమ్మా?” అని స్టెల్లాగారు అడిగేరు.

“ఎక్కడండీ!” అన్నారు భూలక్ష్మిగారు. “మొదటి రోజు వానలో ఈవిణ్ణి చూసి వెనక్కెళ్ళిపోదామనుకున్నాను. నా కొడుకు నెత్తురు చూసిన కళ్ళండి ఇవి. ఎలా మాట్లాడతాను? కానీ చక్రం తుప్పు పట్టిపోయింది. మగాడైతే ఒక్కడు తిప్పేస్తాడు. ఆడదానికి తిరగదు. ఇద్దరం పట్టుకోవాల్సొచ్చింది. నెల్లాళ్ళు ఒక్క ముక్క మాట్లాడకుండా పట్టుకున్నాం.”

“తరవాత?”

“తరవాత ఓ రోజు నా చెయ్యి జారి గీసుకుపోయింది. ఈవిడ కొంగు చింపి కట్టు కట్టింది. కొత్త చీర. అప్పుడు తిట్టేను, ఎందుకు చింపేవని. అదే మొదటి మాట.”

నేను రిపోర్టు తీసేను. ‘స్త్రీల పాత్ర’ గడి వెతికేను. ‘లేదు’ అన్న నా గుండ్రటి అక్షరాలు చూస్తే చెంపలు వాయించుకోవాలనిపించింది. ఎనిమిది నెలల శాంతి మా వంటింట్లోంచే బయల్దేరి వెళ్ళొస్తుంటే, కార్యదర్శి గారు బస్సులో కూర్చుని సున్నా చుట్టేరు! పెన్ను తీసి ఆ మాట కొట్టేసేను. బదులు ఏం రాయాలో తెలీలేదు.

భూలక్ష్మిగారు బొడ్లోంచి తాళంచెవులు తీసేరు. ఎర్రదీ, నీలందీ, రెండూ ఒకే చేతిలో.

“ఆగండి!”

మా ఆయన జనాన్ని తోసుకుని ముందుకొచ్చేరు. ముఖం కందగడ్డలా ఉంది. “మా తాళం మీ దగ్గరెందుకుంది?”

“కార్తీకంలో నాకు జ్వరమొచ్చిందిరా,” అన్నారు మా అత్తగారు. “పది రోజులు లేవలేదు. చేలల్లో నీళ్ళు నిలబడి ఉన్నాయి. ఇచ్చేను. ఆ పది రోజులూ ఈవిడ చక్రంలో రోకలి గుచ్చి ఒక్కత్తే తిప్పింది, మన మురుగు దిగడానికి. పోటు వేళ రాసుకున్నదానికంటే ఒక్క గంట ఎక్కువ ఎత్తుకుంటే వాళ్ళ చెరువులు నిండిపోయేవి. ఎత్తలేదు.”

“జ్వరం తగ్గేక తీసుకోవచ్చుగా?”

“తీసుకోవచ్చు. అడగడానికి నాకు నోరు రాలేదు. అడిగితే నమ్మలేదన్నట్టు ఉంటుంది కదరా.”

“నాకు నోరొస్తుంది,” అన్నారాయన. చెయ్యి చాపేరు. “మా తాళం మాకిచ్చెయ్యండి.”

వెనకాల మా రైతుల్లో ఇద్దరు ముగ్గురు “అవునవును” అన్నారు. పాలెం వాళ్ళు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. గంగబాబు జేబుల్లోంచి చేతులు బయటికి తీసేడు. స్టెల్లాగారు కలం కూడా కదపలేదు. నేను చెప్పకపోతే ఈ పాటికి అందరూ పులిహోర తింటుండేవారు.

భూలక్ష్మిగారు మా ఆయన చాపిన చేతిని చూసేరు. తరవాత ఆయన ముఖంలోకి చూసేరు. ఆ కర్ర ఎత్తిన చెయ్యి అదే.

ఎర్రదారం తాళంచెవి ఆ అరచేతిలో పెట్టేరు. దాని మీద నీలందారం తాళంచెవి కూడా పెట్టి, వేళ్ళు మూసేరు.

“రెండూ నువ్వే ఉంచుకో నాయనా. ఇవాళ్టి నుంచి నీ ఇష్టం.”

“అమ్మా!” అన్నాడు గంగబాబు.

“నువ్వుండు,” అన్నారావిడ.

కాలవలో నీళ్ళు తీత పట్టేయి, సముద్రం వైపు వెనక్కి తగ్గుతున్నాయి. తూము తలుపుకి ఇవతల మా చేల మురుగు దిగడానికి ఎదురుచూస్తోంది. మా ఆయన మూసిన పిడికిలి వైపే చూస్తూ ఉండిపోయేరు. రెండు దారాల కొసలూ వేళ్ళ సందుల్లోంచి వేలాడుతున్నాయి.

తలెత్తి, గంగబాబు వైపు ఒక అడుగు వేసేరు.

పోయినసారి ఈ తూము మీద ఆయన ఆ వైపు అడుగు వేసినప్పుడు ఏడు కుట్లు పడ్డాయి. ఈసారి ఆ పిడికిలి విచ్చుకుంటోంది.